కౌంటీ బడ్జెట్‌లోకి మన వీధి పని ఎలా చేర్పించాలి: టెక్సాస్‌లోని కాలిన్ కౌంటీలో ఉన్న తెలుగువాళ్ల కోసం

ఏప్రిల్‌లో అప్రైజల్ నోటీసు, అంటే పన్ను కోసం మన ఇంటి విలువ ఎంత కట్టారో చెప్పే కాగితం, ఇంటికి రాగానే మన వాట్సాప్ గ్రూపులన్నీ ఒక్కసారి లేచి కూర్చుంటాయి. ఇంటి విలువ ఎంత పెంచారు, ప్రొటెస్ట్ ఎలా వేయాలి, పక్కవీధిలో వాళ్లకి ఎంత తగ్గించారు అని మే 15 దాకా ఇదే మాట. అవసరమే, నేనూ ఏటా వేస్తాను. కానీ ఆ విలువ మీద ఎన్ని సెంట్లు పన్ను వేయాలి, వచ్చిన డబ్బు ఏ రోడ్డుకి, ఏ పార్కుకి, ఎంతమంది ఉద్యోగులకి ఇవ్వాలి అన్నది తేలేది ఆగస్టు, సెప్టెంబర్‌లలో. ఆ వారాల్లో నేను మొదటిసారి మెకిన్నీలో కౌంటీ సమావేశానికి వెళ్లినప్పుడు వెనక వరుసలన్నీ ఖాళీ. తెలుగు మనిషిని నేనొక్కణ్ణే.

మనలో చాలామంది హెచ్-1బీ మీదో, గ్రీన్ కార్డు మీదో ఉన్నాం. ఓటు లేదు కాబట్టి మనకి అక్కడ పని లేదనుకుంటాం. పన్ను కడుతున్నాం, పిల్లలు ఆ రోడ్లు దాటుతున్నారు, అమ్మానాన్నలు వస్తే ఆ పార్కులోనే నడుస్తున్నారు. టెక్సాస్ చట్టం ప్రకారం అజెండాలో ఉన్న ఏ అంశం మీదైనా మాట్లాడే హక్కు ప్రజలకుంది, దానికి ఓటరు కార్డు చూపించనక్కర్లేదు. ఆ హక్కుని ఎప్పుడు, ఎక్కడ, ఎలా వాడితే పని జరుగుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాకు తెలిసింది కాలిన్ కౌంటీ కాబట్టి ఆ కథే చెబుతాను. టెక్సాస్‌లో మిగతా కౌంటీల్లోనూ పద్ధతి దాదాపు ఇదే.

ముందు ఆ పని ఎవరిదో కనుక్కోండి

అన్నిటికంటే ఎక్కువ సమయం వృథా అయ్యేది ఇక్కడే. మా కమ్యూనిటీ ముందున్న రోడ్డు మీద పిల్లలు దాటడానికి క్రాసింగ్ కావాలని మేం నాలుగు నెలలు తిరిగాం. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకి పంపింది, వాళ్లు మళ్లీ మొదటి ఆఫీసుకే పంపారు. చివరికి తెలిసిందేంటంటే ఆ రోడ్డు ఆ ఇద్దరిదీ కాదు, రాష్ట్రానిది.

టెక్సాస్‌లో ఒకే ఊళ్లో మూడు రకాల రోడ్లు ఉంటాయి. ఎఫ్‌ఎం అని నంబరుతో బోర్డు ఉంటే అది ఫార్మ్-టు-మార్కెట్ రోడ్డు. దాన్ని చూసుకునేది రాష్ట్ర రవాణా శాఖ, అందరూ టెక్స్‌డాట్ అంటారు. మనం రోజూ ప్రెస్టన్ రోడ్ అని పిలిచేది రాష్ట్ర హైవే 289. యూనివర్సిటీ డ్రైవ్ అనేది యూఎస్ 380. వీటి మీద సిగ్నల్ కావాలన్నా, లేన్ పెంచాలన్నా చివరి మాట టెక్స్‌డాట్‌దే. నగరం హద్దుల లోపల మామూలు వీధులు నగరానివి. ఏ నగరంలోనూ కలవని ప్రాంతాల్లో, అంటే అన్‌ఇన్‌కార్పొరేటెడ్ ప్రాంతాల్లో ఉన్న రోడ్లు కౌంటీవి.

మరి నగరం లోపల ఉండేవాళ్లకి కౌంటీతో ఏం పని? డబ్బుతో పని. నగరం మధ్య నుంచి పోయే పెద్ద రోడ్డుని వెడల్పు చేయాలంటే ఖర్చులో సగం కౌంటీ బాండ్ల (ఓటర్లు ఒప్పుకుంటే కౌంటీ తెచ్చే అప్పు) నుంచి, సగం నగరం నుంచి పెట్టుకోవడం ఇక్కడ మామూలుగా జరిగేదే. 2023 నవంబర్‌లో కాలిన్ కౌంటీ ఓటర్లు ఐదు బాండ్ ప్రతిపాదనలకి ఒప్పుకున్నారు. మొత్తం సుమారు 68 కోట్ల డాలర్లు. అందులో సగానికి పైగా, సుమారు 38 కోట్లు, రోడ్లకే. మిగతాది జైలు, కోర్టు భవనాలకి, జంతువుల షెల్టరుకి, మెడికల్ ఎగ్జామినర్ ఆఫీసుకి, పార్కులకి. మన ఇంటి ముందు రోడ్డు నగరానిదైనా అందులో కౌంటీ డబ్బు ఉండొచ్చు.

ఇంకొక మాట. టెక్సాస్‌లో కౌంటీకి రాష్ట్రం ఇచ్చిన అధికారాలే ఉంటాయి, సొంతంగా చట్టాలు చేసుకునే అధికారం చాలా తక్కువ. ఎక్కడ అపార్ట్‌మెంట్లు కట్టాలి, ఎక్కడ షాపులు రావాలి అని చెప్పే జోనింగ్ నగరాల పని. ఇంటి వెనక గోదాము కట్టనివ్వొద్దని కౌంటీకి పిటిషన్ పెట్టి, జవాబు రాలేదని బాధపడినవాళ్లని చూశాను. స్కూళ్లదీ అంతే, అది స్కూల్ డిస్ట్రిక్ట్ వేరే బోర్డు.

ఫ్రిస్కోలో ఉండేవాళ్లు ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. మీ పన్ను బిల్లు మీద ఏ కౌంటీ పేరుందో చూస్తే తెలిసిపోతుంది.

నిర్ణయం తీసుకునే ఐదుగురు

కౌంటీని నడిపేది కమిషనర్స్ కోర్టు. పేరులో కోర్టు ఉన్నా అది మన జిల్లా పరిషత్ లాంటి పాలక సభ. ఒక కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు. కౌంటీ జడ్జిని కౌంటీ మొత్తం ఎన్నుకుంటుంది. కౌంటీని ప్రీసింక్ట్‌లనే నాలుగు భాగాలు చేస్తారు, ఒక్కో కమిషనర్‌ని ఒక్కో ప్రీసింక్ట్ ఎన్నుకుంటుంది. పదవీ కాలం నాలుగేళ్లు. మన దగ్గర కలెక్టర్‌ని ప్రభుత్వం వేస్తుంది. ఇక్కడ ఈ ఐదుగురూ ఎన్నికల్లో గెలిచి వచ్చినవాళ్లు, అందుకే మీ ప్రీసింక్ట్ నుంచి వచ్చే ఉత్తరానికి అక్కడ విలువ ఉంటుంది.

2020 జనాభా లెక్కల ప్రకారం కాలిన్ కౌంటీలో 10,64,465 మంది ఉన్నారు. నాలుగు భాగాలు చేస్తే ఒక్కో కమిషనర్ పరిధిలో రెండున్నర లక్షల పైమాటే. మీ ప్రీసింక్ట్ ఏదో కౌంటీ వెబ్‌సైట్‌లో మ్యాప్ చూసి తెలుసుకోండి. మీ కమిషనర్ ఆఫీసు నంబరు ఫోన్‌లో పెట్టుకోండి.

మనవాళ్లు తరచుగా అనే మాట ఒకటుంది: "కమిషనర్‌గారిని కలిస్తే ఆయన ఫండ్ నుంచి ఇచ్చేస్తారు కదా". ఎంపీకి ఏడాదికి ఐదు కోట్ల నియోజకవర్గ నిధి ఉండే దేశం నుంచి వచ్చాం, అలా అనుకోవడం సహజం. ఇక్కడ కమిషనర్ ఒక్కరే సంతకం పెట్టి పార్కు ఇవ్వలేరు. బహిరంగ సమావేశంలో మెజారిటీ ఓటు పడాలి. కాబట్టి మీ కమిషనర్‌ని ఒప్పించడంతో పని సగమే అవుతుంది. మిగతా నలుగురు అడిగే ప్రశ్నలకి జవాబులు కూడా మీరే ఆయన చేతికి ఇవ్వాలి.

మీ పన్ను బిల్లులో కౌంటీ వాటా ఎంత?

బిల్లు తెరిచి చూడండి. వరుసగా స్కూల్ డిస్ట్రిక్ట్, నగరం, కౌంటీ, కాలేజీ అని ఉంటాయి. కాలిన్ కౌంటీ రేటు ఇటీవలి సంవత్సరాల్లో 100 డాలర్ల విలువకి సుమారు 15 సెంట్లు. స్కూల్ డిస్ట్రిక్ట్ రేటు డాలరు చుట్టుపక్కల ఉంటుంది. 5,00,000 డాలర్ల ఇంటికి మినహాయింపులు తీయకముందు కౌంటీకి వెళ్లేది సుమారు 750 డాలర్లు. మీరు హాల్లో నిలబడి "పన్నులు పదివేలు కడుతున్నాం" అంటే వాళ్లు వెంటనే ఈ లెక్కే చెబుతారు. అసలు అంకె తెలిసి మాట్లాడేవాళ్లని చూసే తీరే వేరుగా ఉంటుంది.

కౌంటీ రేటులో రెండు ముక్కలుంటాయి. ఒకటి రోజువారీ ఖర్చులకి, రెండోది అప్పులు తీర్చడానికి. బాండ్లకి ఓటేసిన ప్రతిసారీ బరువు రెండో ముక్క మీద పడుతుంది.

రేటు పెట్టేటప్పుడు రెండు పదాలు వింటారు, వాటిని గుర్తుపెట్టుకుంటే సగం చర్చ అర్థమైపోతుంది. మొదటిది నో-న్యూ-రెవెన్యూ రేటు. పోయినేడు ఉన్న ఆస్తుల మీదే ఈ ఏడు కూడా అంతే మొత్తం రావాలంటే ఎంత రేటు ఉండాలో అది. ఇళ్ల విలువలు పెరిగితే ఈ రేటు తగ్గుతుంది. అందుకే "రేటు పెంచలేదు" అన్న ప్రకటన విన్నప్పుడు, రేటు అలాగే ఉంచి విలువలు పెరిగితే మన బిల్లు పెరుగుతుందని గుర్తు చేసుకోవాలి. రెండోది ఓటర్ అప్రూవల్ రేటు. 2019లో వచ్చిన చట్టం తర్వాత కౌంటీలు, నగరాలు రోజువారీ ఖర్చుల కోసం వసూలు చేసేది 3.5 శాతం కంటే ఎక్కువ పెంచాలంటే ఓటర్లని అడగాలి. ఈ గీత ఉండబట్టే కొత్త ఉద్యోగం, కొత్త కార్యక్రమం ఏది అడిగినా ముఖాలు అంత గంభీరంగా మారతాయి.

ఒక వింత నియమం కూడా ఉంది. పన్ను వేయాలంటే ఐదుగురిలో కనీసం నలుగురు హాజరు కావాలి. 2022లో హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో ఇద్దరు కమిషనర్లు ప్రతిపాదించిన రేటు నచ్చక సమావేశాలకి రాలేదు. దాంతో ఆ రేటుకి ఓటు పడలేదు, కౌంటీ నో-న్యూ-రెవెన్యూ రేటుతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాది జీతాల పెంపు మీద, కొత్త ప్రతిపాదనల మీద పెట్టుకున్న ఆశలన్నీ ఇద్దరి గైర్హాజరుతో ఆగిపోయాయి.

క్యాలెండర్ గోడ మీద రాసుకోండి

టెక్సాస్‌లో చాలా కౌంటీల ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది, కాలిన్‌ది కూడా. వెనక్కి లెక్కేయండి. చలికాలం చివరి నుంచి వసంతం లోపు శాఖలు తమ కోరికల జాబితాలు బడ్జెట్ ఆఫీసుకి ఇస్తాయి. వాళ్లు కోసేది కోసి, మిగిలింది సిఫార్సు చేస్తారు. జులై 25 నాటికి అప్రైజల్ డిస్ట్రిక్ట్ ఆస్తుల మొత్తం విలువని ధ్రువీకరిస్తుంది. అప్పుడు గానీ ఎంత డబ్బు వస్తుందో ఖాయంగా తెలియదు. వేసవిలో బడ్జెట్ వర్క్‌షాపులు, ఆగస్టు, సెప్టెంబర్‌లలో బహిరంగ విచారణ, బడ్జెట్‌కి ఓటు, ఆ తర్వాత రేటుకి ఓటు. అక్టోబర్‌లో బిల్లులు. జనవరి 31 లోగా కట్టాలి.

విచారణ రోజు మూడు నిమిషాలు మాట్లాడి కొత్త పనిని బడ్జెట్‌లోకి ఎక్కించడం దాదాపు జరగదు. అప్పటికే లెక్కలన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి, మీకు పది రూపాయలు ఇవ్వాలంటే ఇంకెవరి దగ్గరో పది తీయాలి. మీరు వెళ్లాల్సింది జనవరి, ఫిబ్రవరిలో. అప్పుడు సంబంధిత శాఖ తన జాబితాలో మీ పనిని రాసుకోగలదు. ఎండాకాలంలో వర్క్‌షాపుకి వెళ్లి అది జాబితాలో ఇంకా ఉందో లేదో చూడాలి. విచారణ రోజు వెళ్లి, ఉన్నదాన్ని తీసేయకుండా కాపాడుకోవాలి. నేను ఈ వరుస తెలియక ఒక ఏడాది పూర్తిగా పోగొట్టుకున్నాను, మీరు పోగొట్టుకోకండి.

బాండ్ల సంగతి వేరు. నవంబర్ ఎన్నికకి పెట్టాలంటే ఆగస్టు మధ్యలోపే కమిషనర్స్ కోర్టు ఉత్తర్వు ఇవ్వాలి. అంటే ఏ రోడ్డు, ఏ పార్కు అన్న జాబితా వసంతంలోనే నగరాల దగ్గర, కౌంటీ ఇంజనీర్ల దగ్గర తయారవుతుంది. బ్యాలెట్ మీద మనకి కనిపించేది మొత్తం అంకె మాత్రమే.

వాళ్లు దేన్ని దేనితో తూస్తారు

ఇది బాగా అర్థం చేసుకోండి, ఎందుకంటే మన అభ్యర్థనలు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే.

కౌంటీ బడ్జెట్‌లో పెద్ద భాగం షెరీఫ్, జైలు, కోర్టులకే పోతుంది. డబ్బు లేని నిందితులకి లాయరుని పెట్టడం, పేదవాళ్ల వైద్యం లాంటివి రాష్ట్ర చట్టం చేయమన్న పనులు, వద్దనడానికి లేదు. ఇవన్నీ పోగా మిగిలిన కొద్ది డబ్బు కోసమే మిగతా అన్నీ పోటీ పడతాయి. "మన కౌంటీ ధనిక కౌంటీ కదా, రిజర్వులో అంత డబ్బుంది కదా" అనే వాదన అక్కడ నిలవదు. ప్రభుత్వ ఆర్థిక అధికారుల జాతీయ సంఘం కనీసం రెండు నెలల ఖర్చుకి సరిపడా నిల్వ ఉంచుకోమని చెబుతుంది. అది తగ్గితే బాండ్ల రేటింగ్ మీద ప్రభావం పడుతుంది, రేటింగ్ తగ్గితే వడ్డీ పెరుగుతుంది.

రెండో తూకం: ఒక్కసారి ఖర్చా, ప్రతి ఏడాదీ ఖర్చా? ఒక నడక దారి కట్టడానికి డబ్బు బాండ్ల నుంచి వస్తుంది. దాని పక్కన గడ్డి కోయడం, లైట్ల కరెంటు, చెత్త తీయడం ఏటా వచ్చే ఖర్చు, అది రోజువారీ ముక్క నుంచే రావాలి, అక్కడ 3.5 శాతం గీత ఉంది. కట్టాక ఎవరు చూసుకుంటారన్న ప్రశ్నకి మీ దగ్గర జవాబు ఉంటే మీ కాగితం పక్కన పడకుండా ఉంటుంది. "నిర్వహణ నగరం చూసుకుంటుందని పార్క్స్ శాఖ చెప్పింది" అన్న ఒక్క వాక్యం పది సంతకాల కంటే బలమైంది.

మూడోది, ఎవరి వాటా ఎంత. ఫెడరల్ డబ్బుతో కట్టే రోడ్లకి తరచుగా 80 శాతం వాళ్లు, 20 శాతం ఇక్కడివాళ్లు పెట్టాలి. పక్కవాళ్ల డబ్బు వెంట తెచ్చే ప్రాజెక్టు ఎప్పుడూ ముందుకి జరుగుతుంది. డాలస్ చుట్టుపక్కల ప్రాంతమంతటికీ ఫెడరల్ రోడ్ల డబ్బు ఎలా పంచాలో ఆర్లింగ్టన్‌లో ఉన్న నార్త్ సెంట్రల్ టెక్సాస్ కౌన్సిల్ ఆఫ్ గవర్నమెంట్స్‌లోని రీజనల్ ట్రాన్స్‌పోర్టేషన్ కౌన్సిల్ చూస్తుంది. కౌంటీ కమిషనర్లు, మేయర్లు అక్కడా కూర్చుంటారు. పెద్ద రోడ్డు సంగతైతే ఆ సమావేశాల మినిట్స్ కూడా చదవండి.

నాలుగోది, పని ఎంత సిద్ధంగా ఉంది. డిజైన్ అయిందా, స్థలం చేతిలో ఉందా, కరెంటు స్తంభాలు, గ్యాస్ పైపులు తరలించాలా? స్థలం లేని మంచి ఆలోచన కంటే స్థలం ఉన్న మామూలు ఆలోచన ముందు కడతారు. సిగ్నల్ లాంటివైతే ట్రాఫిక్ ఇంజనీర్లు పాటించే జాతీయ మాన్యువల్‌లో తొమ్మిది ప్రమాణాలున్నాయి. బళ్ల సంఖ్య, నడిచేవాళ్ల సంఖ్య, ప్రమాదాలు, స్కూలు పిల్లలు దాటడం లాంటివి. వాటిలో ఏదీ అందకపోతే ఎంత గట్టిగా అడిగినా ఇంజనీరు సంతకం పెట్టడు. కాబట్టి "చాలా ప్రమాదకరంగా ఉంది సార్" అనేకంటే, ఉదయం ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య ఎంతమంది పిల్లలు దాటుతున్నారో ఐదు రోజులు లెక్కపెట్టి రాయండి. మేం అదే చేశాం. మా కాగితాన్ని మొదటిసారి ఒక ఇంజనీరు చివరిదాకా చదివింది అప్పుడే.

గ్రాంటు వచ్చిందంటే వెంటనే సంబరపడకూడదా?

సంబరపడొచ్చు, కానీ షరతులు చదివాక. ఫెడరల్ ప్రభుత్వం పోలీసుల నియామకానికి ఇచ్చే కాప్స్ గ్రాంటే తీసుకోండి. కొత్త అధికారి జీతంలో 75 శాతం దాకా మూడేళ్లు ఇస్తుంది. మిగతా 25 శాతం కౌంటీ పెట్టుకోవాలి. మూడేళ్లు అయ్యాక ఇంకో ఏడాది పాటు ఆ ఉద్యోగాన్ని సొంత డబ్బుతో నిలబెట్టాలి. ఆ తర్వాత తీసేయడం రాజకీయంగా ఎవరి తరమూ కాదు. "ఉచితంగా వస్తున్న డబ్బుని కమిషనర్ ఎందుకు వద్దన్నాడు" అని మనకి కోపం వచ్చే చోట చాలాసార్లు కారణం ఇలాంటిదే. కోవిడ్ తర్వాత 2021లో వచ్చిన ఏఆర్‌పీఏ చట్టం కింద దేశంలోని కౌంటీలకి 6,500 కోట్ల డాలర్లకి పైగా వచ్చాయి. దాన్ని దేనికి వాడాలో 2024 డిసెంబర్ 31 లోగా ఒప్పందం చేసుకోవాల్సి ఉండేది, ఖర్చు పెట్టడానికి గడువు 2026 డిసెంబర్ 31. ఆ డబ్బుతో భవనం కట్టుకున్నవాళ్లకి భవనం మిగిలింది. ఏటా నడిచే కార్యక్రమాలు మొదలుపెట్టినవాళ్లు ఇప్పుడు వాటిని దేనితో నడపాలా అని టెన్షన్ పడుతున్నారు.

ఈ గ్రాంట్లని ఆమోదించే అంశాలు ఎక్కువగా కన్సెంట్ అజెండాలో ఉంటాయి. అంటే ఇరవై ముప్ఫై అంశాలు ఒక్క ఓటుతో పోతాయి. అజెండా చదివేటప్పుడు ఆ భాగం దాటేయకండి. మీకు సంబంధించింది కనిపిస్తే, దాన్ని విడిగా తీసి చర్చించమని మీ కమిషనర్ ఆఫీసుకి ముందే ఫోన్ చేసి అడగొచ్చు.

క్రికెట్ గ్రౌండు కావాలనేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. కాలిన్ కౌంటీకి పార్కుల బాండ్ డబ్బు నుంచి గ్రాంట్లు ఇచ్చే పద్ధతి ఉంది. ముఖ్యంగా నగరాలు దరఖాస్తు పెట్టుకుంటాయి, ఖర్చుకి సమానంగా తమ వాటా పెట్టుకోవాలి. కౌంటీ నియమించిన వాలంటీర్ల పార్కుల సలహా బోర్డు దరఖాస్తులు చూసి సిఫార్సు చేస్తే, కమిషనర్స్ కోర్టు ఓటు వేస్తుంది. కాబట్టి లీగ్ కెప్టెన్లు నేరుగా కౌంటీకి వెళ్లకుండా, ముందు నగర పార్క్స్ శాఖ దగ్గరికి వెళ్లాలి. ఎన్ని జట్లున్నాయి, వారాంతంలో ఎన్ని మ్యాచ్‌లు, ఇప్పుడు ఎంత దూరం పోయి ఆడుతున్నారు, పిల్లల కోచింగ్‌కి ఎంతమంది వస్తున్నారు అన్న లెక్కలు వాళ్ల చేతిలో పెట్టండి. ఆ పిచ్ మీద మిగతావాళ్లు కూడా ఏదైనా ఆడుకునే వీలుంటే అది తప్పకుండా చెప్పండి. "మా ఆట" అని అడిగితే ఒక వర్గం కోరికగా కనిపిస్తుంది, "ఈ స్థలం వారంలో ఇన్ని గంటలు వాడకంలో ఉంటుంది" అంటే బోర్డు తూకంలో నిలబడుతుంది.

గుడి తరఫునో, సంఘం తరఫునో సేవా కార్యక్రమానికి గ్రాంటు అడగాలనుకుంటే సంగతి ఇంకొంచెం కఠినం. టెక్సాస్ రాజ్యాంగం మూడో అధ్యాయం 52వ సెక్షన్ ప్రజల డబ్బుని ప్రైవేటు వ్యక్తులకి, సంస్థలకి ఊరికే ఇవ్వకూడదంటుంది. ప్రజా ప్రయోజనం ఉండాలి, దానికి బదులుగా ఏం చేస్తారో ఒప్పందంలో రాయాలి, కౌంటీకి అజమాయిషీ ఉండాలి. పండగ జరపడానికి అడగకండి. మందులు తెచ్చుకోలేని వృద్ధులని, వాళ్లు ఏ దేశంవాళ్లైనా సరే, ఆసుపత్రికి తీసుకెళ్లే సేవ అయితే అడగొచ్చు. 501 సి 3 గుర్తింపు (లాభాపేక్ష లేని సంస్థగా పన్ను మినహాయింపు), బోర్డు మినిట్స్, రెండు మూడేళ్ల లెక్కలు, ఫెడరల్ డబ్బైతే శామ్ అనే ఫెడరల్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్ ముందే సిద్ధం చేసుకోండి. ఇంకో ముఖ్యమైన విషయం, ఇలాంటి గ్రాంట్లు చాలావరకు రీయింబర్స్‌మెంట్ పద్ధతిలో ఉంటాయి. ముందు మీరు ఖర్చు పెట్టి, రసీదులు పంపితే తర్వాత డబ్బు వస్తుంది. మూడు నెలల ఖర్చు చేతిలో లేని సంఘం గ్రాంటు గెలిచాక ఇబ్బంది పడుతుంది.

సీడీబీజీ (కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్) అనే ఫెడరల్ గ్రాంటు 1974 నుంచి ఉంది, దాన్ని ప్లేనో, మెకిన్నీ, ఫ్రిస్కో లాంటి నగరాలు నేరుగా అందుకుంటాయి. అందులో కనీసం 70 శాతం తక్కువ, మధ్యస్థ ఆదాయం వాళ్లకి ఉపయోగపడాలి. సేవా కార్యక్రమాలకి 15 శాతం దాకానే ఇవ్వొచ్చు. చిన్న సంఘాలకి కౌంటీ కంటే ఆ తలుపే దగ్గర.

ఒక్క పేజీలో రాయండి

మొదటి వాక్యంలోనే ఎక్కడ, ఏం కావాలో చెప్పండి. తర్వాత మీ లెక్కలు, ఆ రోడ్డు లేదా స్థలం ఎవరిదో, ఎవరెవరితో ఇప్పటికే మాట్లాడారో, కట్టాక ఎవరు చూసుకుంటారో. చివర ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు. ఫోటో ఒకటి చాలు. మూడు వందల సంతకాల పిటిషన్ పంపడం కంటే, ఆ ప్రీసింక్ట్‌లోనే ఉండే పదిహేను మంది విడివిడిగా తమ మాటల్లో రాయడం నయం. ఒకే ఈమెయిల్‌ని కాపీ చేసి అందరూ పంపితే ఆఫీసులో దాన్ని ఒక్కటిగానే లెక్కేస్తారు. కమ్యూనిటీలో తెలుగు కానివాళ్లని కూడా కలుపుకోండి. మా క్రాసింగ్ విషయంలో ముప్ఫై ఏళ్లుగా అక్కడే ఉంటున్న ఒక ముసలాయన రాసిన నాలుగు వాక్యాలు మా అందరి కంటే ఎక్కువ పనిచేశాయి.

కావాల్సిన సమాచారం వెబ్‌సైట్‌లో దొరకకపోతే టెక్సాస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద అడగండి. మన ఆర్టీఐ లాంటిదే. ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు. పది పని దినాల్లో ఇవ్వలేకపోతే ఎప్పుడిస్తారో వాళ్లు చెప్పాలి. "ట్రాఫిక్ కాగితాలన్నీ" అని అడగకుండా, "ఫలానా కూడలి మీద 2022 తర్వాత జరిగిన ట్రాఫిక్ స్టడీ" అని అడిగితే త్వరగా వస్తుంది.

మాట్లాడే రోజు

2025 సెప్టెంబర్ 1 నుంచి సమావేశం అజెండాని కనీసం మూడు పని దినాల ముందు పెట్టాలి. బడ్జెట్ మీద చర్చ ఉంటే, మధ్యస్థ విలువ ఉన్న ఇంటి మీద పన్ను ఇప్పుడెంత, ప్రతిపాదించిన బడ్జెట్‌తో ఎంత అవుతుందో చూపే కాగితం కూడా దానితో ఉండాలి. దాన్ని ముందు చదవండి.

కమిషనర్స్ కోర్టు మెకిన్నీలో బ్లూమ్‌డేల్ రోడ్డు మీదున్న జాక్ హాచెల్ భవనంలో కూర్చుంటుంది. రోజు, సమయం అజెండాలోనే చూసుకోండి. పనిరోజు కాబట్టి సగం రోజు సెలవు పెట్టాల్సి రావొచ్చు. లోపలికి వెళ్లగానే మాట్లాడేవాళ్ల కార్డు నింపి ఇవ్వండి. మామూలుగా మూడు నిమిషాలిస్తారు. మీ విషయం ఆ రోజు అజెండాలో లేకపోతే వాళ్లు మీతో చర్చించకూడదు, అది బహిరంగ సమావేశాల చట్టం పెట్టిన నియమం. మీరు మాట్లాడాక ఐదుగురూ మౌనంగా ఉంటే అవమానం అనుకోకండి. "దీన్ని వచ్చే అజెండాలో పెట్టండి" అని అడిగి కూర్చోండి, అది వాళ్లు చేయగలరు.

నాకు ఎంతో నచ్చిన నియమం ఒకటి ఈ చట్టంలోనే ఉంది. అనువాదకుడి సాయంతో మాట్లాడేవాళ్లకి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలి. మూడు నిమిషాలైతే ఆరు. పార్కులో బెంచీలు లేవని రోజూ ఇబ్బంది పడేది మనం కాదు, ఇక్కడే ఉంటున్న మన అమ్మానాన్నలు. వాళ్లు తెలుగులోనే చెప్పనివ్వండి, మీరు పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పండి. మీటింగుకి ముందు రోజు క్లర్క్ ఆఫీసుకి ఫోన్ చేసి ఈ సంగతి చెబితే గందరగోళం ఉండదు.

మాట్లాడేటప్పుడు మీ పేరు, ఏ ప్రీసింక్ట్, ఏం కావాలి, ఒక్క అంకె, ఒక్క కథ. ఎవరినీ తిట్టకండి. పనిచేసే సిబ్బందిలో ఎవరైనా సాయం చేసి ఉంటే, వాళ్ల శాఖ పేరు చెప్పి థ్యాంక్స్ చెప్పండి. రేపు మీ కాగితం తిరిగేది వాళ్ల టేబుల్ మీదే.

ఒప్పుకున్నాక కూడా వదలొద్దు

బడ్జెట్‌లో పేరు ఎక్కడం ఒకటి, తవ్వడం మొదలుకావడం ఇంకొకటి. నగరంతో కౌంటీ ఒప్పందం కావాలి, డిజైన్, స్థలం, టెండరు, కాంట్రాక్టు, ఇవన్నీ మళ్లీ అజెండాకి వస్తాయి. మధ్యలో ఖర్చు పెరిగితే ఛేంజ్ ఆర్డర్, అంటే కాంట్రాక్టుని మార్చే ఉత్తర్వు, వస్తుంది. ఒక రోడ్డుకి నాలుగైదేళ్లు పట్టడం వింతేమీ కాదు. కమ్యూనిటీలో ఇద్దరు కలిసి వంతులవారీగా నెలకోసారి అజెండాలో ఆ పేరు వెతకండి. ఒకరు ఉద్యోగం మారి ఊరు వదిలినా ఇంకొకరుంటారు.

వీలున్నవాళ్లు కౌంటీ, నగరం నియమించే సలహా బోర్డులకి దరఖాస్తు పెట్టండి. షరతులు బోర్డుని బట్టి మారతాయి, కొన్నిటికి ఓటరై ఉండాలి. పౌరసత్వం వచ్చినవాళ్లు మార్చిలో జరిగే ప్రైమరీకి కూడా వెళ్లండి. కమిషనర్ ఎవరో చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు తేదీలు మార్చుకోవాలి. వర్జీనియాలోని లౌడన్‌లో, కాలిఫోర్నియా కౌంటీల్లో బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ ఉంటుంది, ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది, కాబట్టి అడగాల్సింది శరదృతువులోనే. న్యూజెర్సీలో ఫ్రీహోల్డర్లు అనే పాత పేరు 2021 నుంచి కౌంటీ కమిషనర్లుగా మారింది. కనెటికట్, రోడ్ ఐలండ్‌లలో కౌంటీ ప్రభుత్వాలే లేవు, అక్కడ నేరుగా టౌన్ దగ్గరికే వెళ్లాలి.

ఈ వారం చేయాల్సింది మాత్రం చిన్నదే. పన్ను బిల్లు తీసి కౌంటీ పేరు చూడండి, మ్యాప్‌లో ప్రీసింక్ట్ చూడండి, మీకు ఇబ్బందిగా ఉన్న ఆ రోడ్డు లేదా పార్కు ఎవరిదో ఒక్క ఫోన్‌లో కనుక్కోండి. జనవరిలో ఆ ఒక్క పేజీ కాగితం రాయడానికి ముందుగా కావాల్సిన మూడు వివరాలు ఇవే.